మార్చని సోమవారం

ఆ ప్రయోగశాలలో ఆయన్ని అందరూ తడి బాబాయ్ అంటారు. ఏ ముక్క తూచమని ఇచ్చినా "ఇంకా తడుంది" అని వెనక్కి పంపడం ఆయన అలవాటు. తూకం మూడుసార్లు ఒకేలా వస్తే తప్ప పుస్తకంలో రాయడు. పెద్ద చదువులు చదివినవాళ్లు చాటుగా విసుక్కునేవాళ్లు గానీ ఎదురుగా నోరెత్తేవాళ్లు కాదు. ఎత్తినా లాభం లేదు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

అక్కడ తయారయ్యేది ఒక పలుచని పొర. చక్కెరలనూ, పెప్టైడ్లనే ప్రొటీను ముక్కలనూ గొలుసులా కలిపి చేస్తారు. ఆపరేషన్ చేసిన చోట ఒంటి లోపల అతికిస్తే, గాయం మానేదాకా ఉండి తర్వాత తనంతట తానే కరిగిపోవాలి. అందుకు పన్నెండు వారాలు గడువు. ఒక అమ్మాయి డాక్టరేటంతా ఆ పొర మీదే. ఇరవై నాలుగు సీసాల్లో, ఒంటి వేడితో సమానంగా ఉంచిన ఉప్పునీళ్లలో పొరలు వేశారు. ప్రతి సోమవారం ఆ నీళ్లు మార్చి, పుస్తకంలో గడికి టిక్కు పెట్టడం బాబాయ్ పని.

పన్నెండో వారం సీసాల్లో ఏమీ మిగల్లేదు. అమ్మాయి ఎగిరి గంతేసింది. ఆమె గురువుగారు స్వీట్లు తెప్పించారు. బాబాయ్ ఒక్కడే తేలు కుట్టిన దొంగలా ఓ మూల నిలబడ్డాడు.

ఐదో వారంలో ఆయన భార్యకు కంటి ఆపరేషన్ జరిగింది. సెలవు పెట్టి గురువారం వచ్చేసరికి సోమవారం గడి ఖాళీగా ఉంది. ఇరవై ఏడేళ్లలో ఆయన పుస్తకంలో ఖాళీ గడి లేదు. ఆ గొప్ప పోతుందని టిక్కు పెట్టేశాడు. నీళ్లు మాత్రం పై సోమవారమే మార్చాడు. పొర కరిగేకొద్దీ నీళ్లు పులుపెక్కుతాయి, ఆ పులుపు మిగతా పొరను తొందరగా తినేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది కూడా ఆయనే.

రెండు రోజులు ఆయనకు అన్నం సహించలేదు. చివరికి భార్యకు చెప్పాడు.

"చెప్తే ఆ పిల్ల చదువు ఇంకో ఏడాది వెనక్కి పోతుందే."

"చెప్పకపోతే?" అంది ఆవిడ.

మర్నాడు అమ్మాయి బల్ల దగ్గర నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఒంట్లో నీళ్లు నిలవుండవమ్మా. అక్కడ పొర ఇంత తొందరగా కరగదేమో."

"తెలుసండి. నేనూ చదువుకున్నాను." ఆమె గొంతు పెంచలేదు. చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. "మళ్లీ మొదలుపెడతాను. ఈసారి నీళ్లు నేనే మారుస్తాను."

గురువుగారు తిట్టాల్సినవన్నీ తిట్టారు. అవన్నీ కలిపినా ఆ అమ్మాయి చివరి మాటంత నొప్పి పెట్టలేదు. ఆ తర్వాత ఆయన సీసాలు కడిగాడు, తూకాలు చూశాడు, నీళ్ల జోలికి మాత్రం పోలేదు. రెండో విడత ఎనిమిదో వారంలో ఉండగా ఆయన ఉద్యోగం ముగిసింది. వీడ్కోలు సభకు ఆ అమ్మాయి వచ్చింది, దండ వేసి వెళ్లిపోయింది. ఇంట్లో సోమవారం వస్తే చాలు, ఆయనకు కాలు నిలిచేది కాదు. పన్నెండో వారం దాటింది. కబురేమీ లేదు, అడిగే ముఖమూ లేదు.

రెండో విడత పదిహేనో సోమవారం పొద్దున్నే ఫోన్ మోగింది. ఆ అమ్మాయే.

"పొర కనబడటం లేదండి. గాజుకి అంటుకుని ఉందో, నిజంగానే కరిగిపోయిందో తేల్చుకోలేకపోతున్నాను. మీరొకసారి వచ్చి చూస్తారా? మీరు చూసి చెప్పాకే పుస్తకంలో రాస్తాను."

"వస్తున్నానని చెప్పవే" అంటూ ఫోన్ భార్య చేతికిచ్చి, చొక్కా వేసుకోవడానికి లోపలికి వెళ్లాడు.