బతికినవాళ్ల పేరు

నా చిన్నప్పుడు నాకు నా పేరంటే అసహ్యం. నా పేరు పెంటమ్మ. మా మెదక్‌లో పెంట అంటే పేడ, చెత్త కలిపి పోసే కుప్ప. బడిలో నా పక్కన కూర్చోవలసి వస్తే పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్లు. కుంకుడుకాయతో తల రుద్దుకుని, ఉతికిన లంగా కట్టుకుని, నూనె రాసి జడ వేసుకుని వెళ్లేదాన్ని. అయినా ముక్కులు మూసుకునేవాళ్లు. వాసన ఒంటికైతే నీళ్లు పోసుకుంటే పోతుంది, పేరుకుంటే ఏం చేయాలో నాకు తెలిసేది కాదు.

ఐదో తరగతి పూర్తయి పెద్దబడికి వెళ్లే ఏడు మా సారు మా అందరికీ అక్కడ చేరడానికి కావలసిన కాగితాలు రాసి ఇస్తున్నాడు. సారు చెడ్డవాడు కాదు. నా వంతు వచ్చినప్పుడు కలం ఆపి నా వైపు జాలిగా చూశాడు.

"ఇదేం పేరమ్మా? పెద్దబడిల అందరు నవ్వుతరు. పద్మ అని రాస్తున్న, మంచిగున్నదా?" అన్నాడు.

నేను తల ఊపాను. అంత సంతోషం అంతకుముందు నాకు ఎప్పుడూ కలగలేదు. దారి పొడుగునా పద్మ, పద్మ అని నాలో నేనే పిలుచుకుంటూ, నాకు నేనే పలుకుతూ ఇంటికి వచ్చాను.

అమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది. "అమ్మా, నేను ఇంక పెంటమ్మను గాదు. సారు పద్మ అని రాసిండు" అన్నాను. అమ్మ చేతులు ఆగిపోయాయి. కాసేపు నన్నే చూసి, "అట్లనా బిడ్డా" అని మళ్లీ పిండి తట్టింది. పెనం మీద రొట్టె మాడి పొగ వచ్చినా తిప్పలేదు. అమ్మ చేతి రొట్టె మాడడం నేను అంతకుముందు చూడలేదు.

మా మేనత్త మాతోనే ఉండేది. రైస్ మిల్లులో బియ్యం చెరిగే పని ఆమెది. మాట కటువు, మనిషి పొడుగు, నడిస్తే మేము ఆమె వెనక పరుగెత్తాలి. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అత్త నా దగ్గర సంగతంతా విన్నది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "రేపు నేను మిల్లుకు పోను. నువ్వు నాతోని రావాలె" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున్నే నన్ను బస్టాండుకు తీసుకుపోయింది. నిజాంపేట మీదుగా సిద్దిపేట వెళ్లే బస్సు అక్కడ ఆగి ఉంది. దాని డ్రైవరంటే మా చుట్టుపక్కల ఊళ్లలో అందరికీ గురి. వానాకాలంలో వాగు రోడ్డెక్కిందంటే, ఆయన డ్యూటీ ఎప్పుడని కనుక్కుని మరీ ప్రయాణం పెట్టుకునేవాళ్లు. ఖాకీ చొక్కా, గుబురు మీసాలు. అలాంటి మనిషి దగ్గరికి మా అత్త నేరుగా వెళ్లి, "తమ్మీ, నీ పేరేందో ఈ పిల్లకు జర చెప్పు" అంది.

ఆయన నవ్వాడు. "గదేం అడుగుడక్కా, ఊరందరికీ ఎర్కే గదా? పెంటయ్య!" అన్నాడు. బస్టాండంతా వినబడేట్టు అన్నాడు. నా తల వంగిపోయింది. ఆయన వంగి, "నీ పేరేంది బిడ్డా?" అని అడిగాడు. నేను అత్త వెనక్కి జరిగాను. "గదే తెలుసుకుందామని తిరుగుతున్నం" అంది అత్త.

అక్కడినుంచి చర్చి వైపు నడిచాం. ఆ రోజుల్లో చర్చి గోపురానికి మరమ్మతు జరుగుతోంది. పైన, తల వెనక్కి విరిచి చూస్తే తప్ప కనబడనంత ఎత్తున, తాళ్లకు కట్టిన పలక మీద ఒక మనిషి కూర్చుని రాళ్ల సందుల్లో సున్నం దట్టిస్తున్నాడు. కింద నిలబడ్డవాళ్లు ఆయన్ని చూసి గుండెలు పట్టుకుంటున్నారు. అత్త రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "ఓ పెంటయ్యా!" అని కేక పెట్టింది. ఆయన పైనుంచి తాపీ ఎత్తి ఊపాడు. ఎవరికీ వినబడకూడదని నేను రోజూ కోరుకునే పేరును మా అత్త ఆకాశంలోకి విసిరింది. అది అక్కడ ఒక మనిషిని తాకి, ఆ మనిషి సంతోషంగా పలికాడు. నాకు వింతగా అనిపించింది.

మూడో మనిషి తహసీల్ కచేరీలో గుమస్తా. తెల్లటి బట్టలు, ముందు పెద్ద బల్ల, దాని మీద దస్త్రాలు. ఆయన రాతకు ఎంత పేరంటే, దరఖాస్తు ఆయన చేత రాయిస్తేనే పని అవుతుందని పల్లెల నుంచి జనం వచ్చి బయట కూర్చునేవాళ్లు. అత్త బల్ల దగ్గర నిలబడి, "పెంటయ్యా, మంచిగున్నవా?" అంది.

ఆయన ముఖం మాడిపోయింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "గట్ల పిలువకక్కా. నలుగురున్న తావు గిది. నా పేరు ఇప్పుడు గది గాదు" అన్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసింది.

కచేరీ మెట్లు దిగాక చెప్పింది. "గాయన తల్లి ముసల్ది, కండ్లు గూడ కనవడయి. ఇప్పటికీ గదే పేరు వెట్టి పిలుస్తది. గాయన పలుకడు. పలుకకపోతె ఇంట్ల లేడనుకుని ఊకుంటది."

ఆ మాట వినగానే గోడవైపు తిరిగి పడుకున్న మా అమ్మ వీపు నా కళ్ల ముందుకు వచ్చింది. ఎందుకు వచ్చిందో అప్పుడు నాకు తెలియదు. కానీ అడుగు ముందుకు పడలేదు. "అత్తా, అందరికీ గిదే పేరెందుకు వెట్టిండ్రు?" అని అడిగాను. ఆ ప్రశ్న కోసమే పొద్దున్నుంచీ తిప్పుతున్నట్టు ఆమె నన్ను దవాఖానకు తీసుకుపోయింది.

దవాఖానలో కాన్పులు చేసే నర్సమ్మ పేరూ పెంటమ్మే. ఊళ్లో సగం మంది పిల్లలు ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. మేము ఎవరెవరిని చూసి వచ్చామో అత్త చెబితే విని, నన్ను తన పక్కన బల్ల మీద కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పింది.

"నీకంటె ముందు మీ అమ్మకు ముగ్గురు పుట్టిండ్రు బిడ్డా. ఒకరు పురిట్లనే పోయిండ్రు. ఒకరు పాలు మరువకముందే. ఇంకొకరు నడక నేర్చినంక. నాలుగోసారి నువ్వు. నిన్ను వట్టింది నేనే. బొడ్డు కోయంగనే మీ అత్త నిన్ను చాటల పండవెట్టి తీస్కపోయి పెంట మీద వెట్టింది. మీ అమ్మ పచ్చి బాలింత. గోడ వట్టుకుని నడుసుకుంట వచ్చి, ఎవలో పారేసిన పిల్ల, నేను సాదుకుంట అని ఎత్తుకున్నది. గట్ల చేస్తె, పారేసిన పిల్ల మనకెందుకని సావు ఒదిలిపెట్టి పోతదట. నాకూ గట్లనే చేసిండ్రు. గా డ్రైవరుకు, గా తాపీ ఆయనకు, గా గుమస్తాకు గూడ. అందరం మిగిలినోళ్లమే."

అమ్మ నాకు ఆ ముగ్గురి సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నన్ను చూసినప్పుడల్లా ఆమె కళ్లు నా తల మీదుగా ఎవరినో లెక్కపెడుతున్నట్టు ఉండేవి. ఎందుకో ఆ రోజు అర్థమైంది.

కుప్ప మీద పెడితే చావు వెనక్కి పోతుందా అని ఇప్పుడు నన్నడిగితే, పోదనే చెబుతాను. కానీ ముగ్గురిని మట్టిలో పెట్టిన ఆడమనిషి చేతిలో ఆ రోజుల్లో ఇంకేముంది? మందు దొరకలేదు, డాక్టరు దొరకలేదు. ఒక పేరు దొరికింది. దాన్ని పట్టుకునే చావుకు ఎదురు నిలబడింది, ఈ ఒక్కదాన్నీ నీకివ్వను పో అని. ఆ పేరును నేను సారు ముందు ఒక్క తల ఊపుతో పారేసి వచ్చాను.

"సారు దగ్గరికి పోదం అత్తా" అన్నాను. ఆ రోజంతటిలో నేను నోరు తెరిచి కోరినది అదొక్కటే. నర్సమ్మ కూడా చీర కొంగు దోపుకుని మాతో బయలుదేరింది.

బడిలో సారు ముందు ఒప్పుకోలేదు. రాసిన కాగితం కొట్టివేయడం మంచిది కాదన్నాడు. పిల్ల మేలు కోరే చేశానన్నాడు. అది నిజమే కూడా. అత్త ఏదో గట్టిగా అనబోతుంటే నర్సమ్మ ఆపింది.

"సారూ, మీ కొడుకులిద్దరు నా చేతులల్లనే పుట్టిండ్రు గదా. అద్దుమ రాత్రి నా తలుపు కొట్టి, పెంటమ్మా జర జల్ది రా అని పిలిచింది మీరే. గప్పుడు నా పేరు వాసన రాలేదా?"

సారు ముఖం ఎర్రబడింది. కలం చేతిలోకి తీసుకుని, "సరే, పిల్లనే చెప్పమను" అన్నాడు. తరగతిలో పిల్లలంతా నన్నే చూస్తున్నారు. ఇద్దరు ముగ్గురు అప్పుడే ముక్కుల దగ్గరికి చేతులు తెచ్చారు. అయినా వాళ్ల వైపే చూస్తూ చెప్పాను.

"నా పేరు పెంటమ్మ సార్. గట్లనే రాయుండ్రి."

సారు పద్మను అడ్డంగా కొట్టేసి, పైన పెంటమ్మ అని రాసి, పక్కన సంతకం చేశాడు. ఎందుకో నాకు కొంచెం ఏడుపు వచ్చింది. పద్మ నిజంగా మంచి పేరు.

ఇంటికి వెళ్లి అమ్మకు చెబితే నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, "పెంటవ్వా" అని పిలిచింది. ఓ అన్నాను. ఎదురుగానే ఉన్నా మళ్లీ పిలిచింది. మళ్లీ పలికాను. అలా ఎన్నిసార్లు పిలిచిందో చెప్పలేను.

పెద్దబడిలో ఎవరూ నవ్వలేదని చెబితే అబద్ధమవుతుంది. నవ్వారు. ఒకడితో జుట్టు పట్టుకుని కొట్లాడాను కూడా. పెద్దయ్యాక బజారులో బట్టలు కుట్టే దుకాణం పెట్టినప్పుడు బోర్డు రాసే అతను, లక్ష్మి అని రాస్తే గిరాకీ బాగుంటుందని సలహా ఇచ్చాడు. పెంటమ్మ టైలర్ అనే రాయించాను. మెదక్ పెళ్లికూతుళ్లు ముప్పై ఏళ్లు ఆ బోర్డు కిందికి వచ్చే జాకెట్లు కుట్టించుకున్నారు.

ఇప్పుడు మా ఊళ్లో పుట్టే పిల్లలకు ఈ పేరు ఎవరూ పెట్టడం లేదు. పుట్టిన పిల్లలు బతుకుతున్నారు కాబట్టి పెట్టనక్కరలేదు. అందుకు నాకు సంతోషమే. నాతోనే ఈ పేరు ఆగిపోయినా బాధ లేదు.

మొన్న మనవరాలి పెళ్లి కార్డు అచ్చు వేయిస్తూ నా కొడుకు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అటువైపువాళ్లు పెద్ద ఉద్యోగస్థులు, నాయనమ్మ పేరు కొంచెం మార్చి వేద్దామా అని నసిగాడు. "కార్డు మీద నా పేరు లేకుంటే లేకపాయె బిడ్డా. ఉంటె మాత్రం గదే ఉండాలె" అన్నాను. వాడు అలాగే వేయించాడు.

నేను మొండిదాన్నని ఇంట్లో అందరూ అంటారు, ఒప్పుకుంటాను. ఆ రోజు నుంచి ఎక్కడ నా పేరు చెప్పవలసి వచ్చినా గొంతు తగ్గించలేదు. నాకంటే ముందు వచ్చి, తనివితీరా పిలిపించుకోకుండానే వెళ్లిపోయిన ముగ్గురు ఆ పేరులో ఉన్నారు. నేను గొంతు తగ్గిస్తే వాళ్లు మరోసారి పోతారు.