సోమశేఖర్ సార్ గొడుగుల పోరు

ఎండలో మనిషి కనబడితే చాలు, సోమశేఖర్ సార్ గొడుగు తెరిచి నెత్తిన పట్టేవారు. వద్దు మొర్రో అంటున్నా వినరు, వెంటబడి మరీ పట్టేవారు. అదేమో నందికొట్కూరు దగ్గర వానకు మొహం వాచిన పల్లె. అక్కడి హైస్కూల్లో ఆయన సైన్సు మాస్టారు. ఆయన్ను భరించే భాగ్యం హెడ్మిస్ట్రెస్ ప్రమీలారాణిగారిది.

ఈ పిచ్చి పుట్టుకతో వచ్చిందేం కాదు. నిన్నమొన్నటిదాకా మిట్టమధ్యాహ్నం బోడి నెత్తితో సైకిలు తొక్కిన మనిషే. ఈ ఏడే ఉన్నట్టుండి పట్టుకుంది. పెళ్ళికి పిలిచినా తంటాయే. కాశీయాత్రకు బయల్దేరిన పెళ్ళికొడుకు గొడుగు ఓ పక్కకు వాలితే, బావమరిది కంటే ముందు ఈయన ఉరికి సరిచేసి, "డీఎన్ఏ జాగ్రత్త నాయనా!" అని దీవించి వచ్చారు.

పిల్లలకైతే ఒకటే షరతు. గొడుగు లేకుండా బడికొస్తే డీఎన్ఏ పాఠం మొదటినుంచీ వినాలి. ఆ దెబ్బకు ఊళ్ళో తాతల కాలం గొడుగులన్నీ అటకలు దిగాయి. చువ్వలు విరిగినవి, చిల్లులు పడినవి, పిడి బదులు కట్టె కట్టినవి, అన్నీ బడికొచ్చాయి.

ప్రమీలారాణిగారికి ఈ గోల ఒకవైపైతే, మధులత దిగులు ఇంకోవైపు. పదో తరగతి పిల్ల, సార్‌కు ఈ పిచ్చి పట్టకముందే బడి మానేసింది. ఎండ తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కే జబ్బు. నిండుచేతుల చొక్కా, గ్లౌజులు, నల్ల గొడుగు లేనిదే గడప దాటొద్దన్నారు కర్నూలు డాక్టర్లు. ఆ వేషంలో వస్తే తోటి పిల్లలు "వానమ్మా, వాన యాడమ్మా?" అని ఏడిపించారు. అప్పట్లోనే హెడ్మిస్ట్రెస్ వాళ్ళింటికెళ్ళి బతిమాలితే, "నేనొక్కదాన్నే గొడుగేసుకోని రాలేను మేడం" అని తలుపు చాటుకు పోయింది. ఈ నెలలో రాకపోతే హాజరు చాలదు, పది పరీక్ష పోయినట్టే. ఆ పిల్ల చదువు ఆగిపోతుందేమోనని ప్రమీలారాణిగారికి అన్నం సయించడం లేదు.

అలాంటప్పుడు వేరుశనగ రైతు ఓబులేసు రొప్పుకుంటూ బడికొచ్చాడు.

"మేడం, మీ సారుకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా? మిట్ట మీద వేరుశనగ బుడ్డలు ఎండబోసినా. కిందికి చూస్తే రోడ్డు పొడుగునా గొడుగులే! వాన వస్తాండాది అనుకోని, నా పెండ్లాన్ని ఉరికిచ్చి, పట్టలు కప్పి, రాళ్ళు పెట్టి, పైకి చూస్తే ఏముండాది? సూర్నారాయణుడు నవ్వుతాండాడు!"

గొడుగులు కనబడితే వానే అనుకోవడం ఆ సీమలో తప్పేమీ కాదు. ప్రమీలారాణిగారు నవ్వాపుకుంటూ సార్‌ను పిలిపించారు. వచ్చీ రాగానే ఆయన ఓబులేసు నెత్తిన గొడుగు పట్టారు, వరండాలోనే.

"చూడప్పా ఓబులేసూ. పొద్దు గూకితే మీ కొట్టం మీది రేకు చల్లబడిపోతాది. అరుగు మీది కడప బండ? రాత్రిదాకా సెగ వదల్దు. అవునా?"

"అవును. అయితే?"

"ఎండలో కంటికి కనబడని వెలుగొకటి ఉండాది. మన ఒంట్లో డీఎన్ఏ దాన్ని మింగుతాది. శానామటుకు రేకు మాదిరి, రెప్పపాటు కూడా పట్టకుండా వేడి చేసి వదిలేస్తాది. కానీ డీఎన్ఏలో ముక్కలు బిళ్ళల మాదిరి ఒకదాని మీదొకటి పేర్చింటాయి. రెండు బిళ్ళలు కలిసి ఆ వెలుగును పట్టుకుంటే ఆ శక్తి బండలో సెగ మాదిరి చిక్కుకుంటాది. అట్లా చిక్కితే ఒక్కోసారి బిళ్ళా బిళ్ళా అతుక్కుపోతాయి."

"అయ్యో! మళ్ళా?"

"ఒంట్లోనే మరమ్మతు చేసేవాళ్ళుంటారు, సరిచేస్తారు. కొందరికి మటుకు పుట్టుకతోనే ఆ మరమ్మతు సాగదు." సార్ గొంతు ఎందుకో తగ్గింది. మరుక్షణమే పుంజుకుంది. "ఇంగ దీని చెల్లెలు ఆర్ఎన్ఏ ఉండాది చూడూ..."

"వద్దు సారూ! ఆ గొడుగిట్లియ్యండి, పోతా!" అని లాక్కుని ఓబులేసు పరారయ్యాడు.

సోమవారం ప్రార్థనకు మైదానంలో గొడుగులు తప్ప తలలు కనబడలేదు. గేటు దగ్గర గ్లౌజుల చేయొకటి నల్ల గొడుగు పట్టుకుని ఆగింది. మధులత! ప్రమీలారాణిగారు పిల్లల వరసల వైపు చూశారు. ఎవడేమంటాడో!

ఎవడూ ఏమీ అనలేదు. "జరుగక్కా, నీ గొడుగు నా కంట్లో పొడుస్తాంది" అని ఒకడు, "దీనికి చిల్లుల్లేవే, యాడ కొన్యావు?" అని ఒకతె. అంతే. ఆ పిల్ల గొడుగుల్లో గొడుగై వరసలో కలిసిపోయింది.

"కిటికీలోనుంచి చూసినా మేడం, రోడ్డంతా గొడుగులే! ఇంగ నేనెందుకు ఆగల్ల అని వచ్చేసినా" అంది తర్వాత.

ప్రమీలారాణిగారు పక్కనున్న మాస్టారి వైపు తిరిగారు. "దీనికోసమా సార్ ఇన్నాళ్ళూ? ముందే చెప్పింటే నేనే ఆర్డరేసేదాన్ని కదా!"

"చెప్పింటే అందరూ జాలికి గొడుగు పడుతుండ్రి మేడం. ఇప్పుడు నా పోరు పడలేక పడతాండారు. ఆ పాపకు జాలి వద్దు."

ఆవిడకు ఆ పిచ్చి మనిషి మీద పట్టరానంత అభిమానం పుట్టుకొచ్చింది. కళ్ళు చెమర్చేవే, కానీ అంతలో వరసలోంచి మధులత గొంతు గట్టిగా వినిపించింది.

"మేడం, మీ గొడుగు యాడ?"

గొడుగులన్నీ ఇటు తిరిగాయి. మైదానం మొత్తానికి బోడి నెత్తి ఆవిడదొక్కటే. సోమశేఖర్ సార్ గొంతు సవరించుకున్నారు.

"మేడం, డీఎన్ఏ అంటే..."

"బసవన్నా!" అని హెడ్మిస్ట్రెస్ అటెండర్‌ను కేకేశారు. "నా గొడుగు తేప్పా, బిరీన!"