వెలిచ్కా చెప్పిన గాల్‌బ్లాడర్ ఆపరేషన్

వెలిచ్కా నిన్నటి బనిత్సా రొట్టెను నిన్నటిదని చెప్పి మరీ అమ్మే మనిషి. బేకరీలో పాతికేళ్లుగా అదే ఆమెకున్న పేరు. అలాంటి మనిషి ఒకే ఒక్క పెద్ద అబద్ధం ఆడింది, అదీ తన కడుపు గురించి. ఆడినది కాస్త తెలివిగానైనా ఆడిందా అంటే అదీ లేదు.

ఒకప్పుడు ఆమె మంచి భారీ మనిషి. షుగరు వచ్చిందని డాక్టరు గట్టిగా బెదిరించాక నోరు కట్టుకుంది. జున్ను పెట్టిన బనిత్సాలు తెల్లవారుజామునే తన చేత్తో కాల్చి ఊరందరికీ పెడుతూ, తను మాత్రం పెరుగూ దోసకాయ ముక్కలతో సరిపెట్టుకుంది. రెండేళ్లలో ఒళ్లు సగానికి సగం తగ్గింది. చర్మం మాత్రం తగ్గనని మొండికేసింది. పొట్ట కింద ఖాళీ సంచిలా వేలాడుతూ ఉండిపోయింది. వేసవిలో పొయ్యి ముందు నిలబడితే ఆ మడత కింద చెమట పట్టి, ఒరుసుకుపోయి, పుండ్లు పడేవి. పౌడరు చల్లి, మెత్తటి గుడ్డ మడిచి పెట్టుకుని పని చేసేది. ఆ బాధ భర్త మెతోదికి తప్ప ఎవరికీ తెలియదు.

చివరికి చలికాలంలో ప్లోవ్‌దివ్ పట్నం ఆసుపత్రికి వెళ్లి ఆ చర్మం కోయించుకోవాలని నిశ్చయించుకుంది. ఆ మాట బయట చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఊరి స్నానశాలలో టికెట్లు చింపే గింకా ఊరుకుంటుందా? "మన బేకరీ వెలిచ్కా అందాల పోటీకెళ్తోందటర్రా" అని సాయంత్రానికల్లా ఊరంతా టముకు వేస్తుంది. మనవరాలు పుట్టిన వయసులో పొట్ట బిగించుకుందట అని నలుగురూ నవ్వుతారు. అందుకే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు పడ్డాయని, తీయించుకోవాలని చెప్పింది. అందరూ పాపం అన్నారు. పని అయిపోయిందనుకుంది.

కానీ మహాతల్లి ఒక్క సంగతి మరిచిపోయింది. ఆ ఊళ్లో వేడినీటి ఊట మీద కట్టిన పాత స్నానశాలలో గురువారం ఆడవాళ్ల రోజు. అక్కడ ఒంటి మీద నూలుపోగు ఉండదు, ఉంటే పట్నం మనిషి అంటారు. ఎవరి అపెండిక్స్ కోత ఎక్కడుందో, ఎవరి కాన్పు కుట్లు ఎలా మానాయో అందరికీ తెలుసు. ఊళ్లో ఆడవాళ్ల ఆపరేషన్ల సంగతి ఆసుపత్రి కన్నా ఆ స్నానశాలకే బాగా తెలుసు. గాల్‌బ్లాడర్‌కి కోసేది డొక్క కింద. వెలిచ్కాకు కోసేదేమో ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా. ఆ తేడా ఆమెకు ఆపరేషన్ అయి మత్తు దిగాక గానీ తట్టలేదు.

ఇంటికి వచ్చిన మొదటి రోజులు నరకమే. నడుము నిలబెడితే కుట్లు లాగేస్తాయని, కింద పడ్డ సూదిని వెతుక్కుంటున్న దానిలా వంగి నడిచింది. నెత్తుటి నీరు దిగడానికి పక్కల నుంచి రెండు గొట్టాలు, వాటి చివర చిన్న డబ్బాలు, పైన ఊపిరాడనివ్వని బెల్టు. వెల్లకిలా సాగి పడుకోవడానికి లేదు. మెతోది ఇంట్లో ఉన్న దిండ్లన్నీ తెచ్చి వీపు కింద పేర్చాడు. తుమ్ము వస్తుందంటే ఆమెకు హడలు. నవ్వు వస్తే అంతకన్నా హడలు.

"నాకు నవ్వొచ్చే మాట ఒక్కటి అన్నావా, ఈ దిండు నీ నెత్తినేస్తాను" అనేది.

"ముప్పైయేళ్ల నుంచీ నా మాటలకి నువ్వెప్పుడు నవ్వావు గనక" అనేవాడు మెతోది. అంతే, నవ్వొచ్చి చచ్చేది.

ఇరుగుపొరుగు ఊరుకోలేదు. గాల్‌బ్లాడర్ మనిషి కొవ్వు తినకూడదని ఉప్పు లేని ఉడకబెట్టిన కోడి తెచ్చేవారు. అందరికన్నా ఎక్కువ తెచ్చింది దోన్కా. బడిలో వంట చేసి రిటైరయిన మనిషి, నోరు తెరిస్తే ఎత్తిపొడుపే. గురువారాల్లో వెలిచ్కా వీపు రుద్దేది ఆమే. ఆ దోన్కా ఈసారి ఒక్క వెటకారమూ ఆడకుండా గిన్నె పెట్టి, మెల్లిగా దుప్పటి సర్ది వెళ్లేది. వెలిచ్కాకు అది వింతగానే తోచింది కానీ, తన కోత గోలలో పట్టించుకోలేదు.

ఆ కోత గోల మామూలుది కాదు. కుట్ల మధ్యలో, బొడ్డుకు సూటిగా కింద, వేలి గోరంత మేర విచ్చుకుని పసుపు రంగు తడి కనిపించింది. ఒళ్లు తగ్గించుకున్నది చాలక చర్మం కూడా కోయించుకున్నందుకు దేవుడు శిక్ష వేశాడని ఏడ్చింది. మెతోది వెంటనే కారు తీసి ప్లోవ్‌దివ్ తీసుకెళ్లాడు.

డాక్టరు చూసి, శుభ్రం చేసి, కొత్త కట్టు కట్టాడు. "చర్మం ఎక్కువ బిగిసేది అక్కడేనమ్మా, కొందరికి ఇలా కొంచెం విడుతుంది. దానంతటదే పూడుకుంటుంది. మచ్చ మాత్రం ఏడాది దాకా ఎర్రగానే ఉంటుంది, తర్వాత పాలిపోతుంది. చుట్టూ తిమ్మిరిగా ఉందా? అదీ మెల్లగా తగ్గుతుంది. ఇది పూర్తిగా మానేదాకా నీళ్లలో మునగొద్దు" అన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తిరుగు దారిలో ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఆకలేస్తోందని అంది.

అన్నట్టే పూడుకుంది. గొట్టాలు ఎప్పుడో పోయాయి, నడుము నిటారైంది, మచ్చ మీద అంటించుకోవడానికి సిలికాన్ పట్టీలు వచ్చాయి. చెర్రీలు పూసే వేళకు పొయ్యి ముందు నిలబడితే పొట్ట కింద పొడిగా ఉంది. అది పట్టి చూసుకుని ఆమె ఒంటరిగా నవ్వుకుంది. ఇక మునగొచ్చని డాక్టరు కూడా చెప్పాడు. కానీ గురువారం వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టి స్నానశాలకు ఎగనామం పెట్టింది.

ఒకరోజు భోజనాల దగ్గర మెతోది చెంచా కింద పెట్టాడు.

"ఇవాళ దోన్కా నన్ను రోడ్డు మీద పట్టుకుంది. మందులు మింగుతోందా, జుట్టు ఊడుతోందా అని అడిగింది."

"జుట్టెందుకు ఊడుతుంది?"

"నీకు ఆ జబ్బు వచ్చిందనుకుంటున్నారు. చిక్కిపోయావు, గాల్‌బ్లాడర్‌కి ఎవరూ అంత కాలం వంగి నడవరు, పైగా స్నానానికి రావట్లేదు. మనం దాస్తున్నామనుకుంటున్నారు. దోన్కా నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది వెలిచ్కా. దాని చెల్లెలు ఆ జబ్బుతోనే పోయి రెండేళ్లయినా కాలేదు."

వెలిచ్కా గిన్నె పక్కకు నెట్టింది. ఊరు నవ్వుతుందని దాచింది, ఇప్పుడు ఒక మనిషి ఏడుస్తోంది. నిజం చెబితే గింకా చేతికి చిక్కుతుంది. చెప్పకపోతే దోన్కా తన చావు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

గురువారం తువ్వాలు చంకన పెట్టుకుని వెళ్లింది. టికెట్ చింపుతూ గింకా కూడా నోరెత్తలేదు, దానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది. లోపల ఆవిరిలో ఆడవాళ్లు జరిగి, నీటిధార కింద మంచి చోటు ఆమెకు వదిలారు. వెలిచ్కా బట్టలు విప్పింది. చేతులు అడ్డం పెట్టుకోకుండా నిలబడింది.

ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఎర్రటి గీత.

దోన్కా లేచి దగ్గరకు వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అంత కోశారా? ఏం తీశారే?"

"చర్మం."

"చర్మమూ... ఇంకా?"

"చర్మమే అక్కా. సంచిలా వేలాడేది, కింద పుండ్లు పడేవి. కోయించుకున్నాను. రాళ్లూ లేవు, జబ్బూ లేదు. మీరందరూ నవ్వుతారని అలా చెప్పాను."

"ఒట్టు పెట్టు."

"మనవరాలి మీద ఒట్టు."

టికెట్లు వదిలేసి లోపలికి వచ్చిన గింకా గొంతు వెనక నుంచి వినిపించింది. "అంటే నేను ఉప్పు లేని కోడిని ఉడకబెట్టి మోసింది దీని నడుము సన్నబడ్డానికా?" ఎవరో కిసుక్కుమన్నారు, ఆపైన అందరూ. వెలిచ్కా ఇన్ని నెలలు భయపడ్డ నవ్వు ఇదే. తీరా విన్నాక ఒళ్లు తేలికైంది.

దోన్కా మాత్రం నవ్వలేదు. తడి వేలితో ఆ మచ్చను ఒక చివర నుంచి రెండో చివర దాకా మెల్లగా తడిమింది. నిజమా కాదా అని సరిచూసుకుంటున్నట్టుంది.

"మా చెల్లెలు కూడా నాతో గాల్‌బ్లాడర్ అనే చెప్పిందే" అంది. "నేను నమ్మి, నాలుగు నెలలు దాన్ని ఆటపట్టిస్తూ కూర్చున్నాను."

వెలిచ్కా ఆమెను రెండు చేతులా దగ్గరకు లాక్కుంది. ఆవిరిలో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, పక్కవాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చారు. కాసేపటికి దోన్కా ముక్కు తుడుచుకుని ఆమె భుజం మీద ఒక్కటి గట్టిగా చరిచింది.

"ఇంకోసారి చర్మం కోయించుకుంటే చర్మమని చెప్పి చావు. నవ్వుకుంటాను. హాయిగా కూర్చుని నవ్వుకుంటాను."