పెద్దాయనకు కాపలా

మా అక్క పరదాలు కుడుతుంది. ముందుగది నిండా గుడ్డ తానులు, వాటి మీద పిల్లులు. పిల్లి బొచ్చు అంటకుండా ఒక్క పరదా అయినా ఆ గడప దాటి ఉంటుందని నేననుకోను. ఇంటికి చేరిన ప్రతి జీవికీ కుట్టుపెట్టెలోంచి ఒక పేరు తీసి పెట్టేస్తుంది. పిల్లులు బొత్తం, దారం, గుండుసూది. వేలు కొరికే చిలుక కత్తెర. ఇవి కాక కుందేళ్ళు, ఒక తాబేలు. ముసలి కుక్క ఒక్కటే ఈ వరసలోకి రాదు. అది వచ్చే నాటికి అక్క ఇంకా కుట్టుపని మొదలుపెట్టలేదు. దాన్ని అందరం పెద్దాయన అంటాం.

ఈ సంతను కట్టుకున్నాక అక్క ఇల్లు కదలడం మానేసింది. నా పెళ్ళికి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయింది. నా కూతురు నడక నేర్చాక గానీ దాని మొహం చూడలేదు. అడిగితే "కుందేళ్ళు బెంగపెట్టుకుంటాయే" అంటుంది. మనుషులం మాత్రం పెట్టుకోం కాబోలు! అలాంటిది, నాకు కడుపులో రాళ్ళకు ఆపరేషన్ అని తెలియగానే "నేనొస్తున్నా, నీ పక్కనే ఉంటా" అని ఫోన్ చేసింది. నేను ఏడ్చేశాను. రాళ్ళ నొప్పికి కూడా అంత ఏడవలేదు.

అయితే ఇంట్లో ఉండి వీటిని చూసుకునే మనిషి కావాలి. ఆ వెతుకులాట కథంతా అక్క నాకు ఫోన్లో చెబుతూ ఉండేది. ఒకావిడ గుమ్మంలోనే తుమ్ములు అందుకుని, వీధి మలుపు తిరిగేదాకా ఆపలేదట. ఒక కాలేజీ అమ్మాయి చిలుకతో ఫొటోలు దిగి, అది వేలు అందుకోగానే చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయిందట. మా పెదనాన్నగారి కోడలు వస్తానంది గానీ, "అన్నిటినీ ఒక గదిలో పెట్టి తాళం వేసెయ్యొచ్చుగా?" అని అడిగింది. చివరికి దొరికినాయన పక్కవీధిలో ఉండే రిటైరైన బస్సు కండక్టర్. భార్య పోయాక ఆయనింట్లో పలకరించే దిక్కు లేదు. "బస్సు కిటకిటలాడుతుంటే అందరినీ సర్దినవాణ్ణమ్మా, వీళ్ళెంత? పైగా చిల్లర గొడవ కూడా లేదు" అన్నాడట.

అక్క ఆయనకు అన్నీ అప్పజెప్పింది. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఒకటే: మన పళ్ళెంలోది ఏదీ పెద్దాయనకు పెట్టకూడదు, ఎంత జాలిగా చూసినా సరే. అది ఆ ఇంటి చట్టం. నాకూ చాలాసార్లు చీవాట్లు పడ్డాయి.

ఆయనకు చెప్పని సంగతి కూడా ఒకటుంది. అది నాకు ఆసుపత్రిలో తెలిసింది.

ఆపరేషన్ అయి కళ్ళు తెరిచేసరికి అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇంకా బతికే ఉన్నానే, ఏడవకు" అన్నాను. అక్క నా దుప్పటి అంచు పట్టుకుని, పరదా అంచు మడిచినట్టు మడవడం మొదలుపెట్టింది.

"పెద్దాయన వారం కూడా ఉండడన్నాడే పశువుల డాక్టరు. తిండి ముట్టడం లేదు."

"కండక్టర్ గారికి చెప్పావా?"

"చెప్తే ఆయన ఒప్పుకుంటాడా?"

"మరి వదిలేసి ఎలా వచ్చావే?"

"చూడలేకపోయానే. నా కళ్ళముందు పోతే తట్టుకోలేను. నీ ఆపరేషన్ కలిసొచ్చింది."

కలిసొచ్చిందట! కుట్ల మంట ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఇన్నేళ్ళకు నా కోసం వచ్చిందని మురిసిపోయిన నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. గోడవైపు తిరిగి పడుకున్నాను.

అక్క రోజూ ఫోన్ చేసేది. "బాగానే ఉన్నాడమ్మా, మీరు చెల్లెమ్మను చూసుకోండి" అనేవాడు కండక్టర్. వెనకనుంచి కత్తెర "రైట్ రైట్" అని అరవడం వినిపించేది. అక్క ఫోన్ పెట్టేసి మళ్ళీ నా దుప్పటి మడిచేది.

ఆసుపత్రి నుంచి పంపించాక, కోలుకునేదాకా ఉందువు గాని రమ్మని అక్క నన్ను తనింటికే తీసుకెళ్ళింది. గేటు దగ్గర కండక్టర్ నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు. పెరట్లో జామచెట్టు కింద మట్టి కొత్తగా తవ్వి ఉంది.

"నిన్న పొద్దున పోయాడమ్మా. ఆసుపత్రిలో ఉన్నారని ఫోన్లో చెప్పలేకపోయాను. తప్పు నాదే. మీరు వద్దన్న పని చేశాను" అన్నాడు. "గిన్నె వాసన కూడా చూడనివాడు, మొన్న నేను తింటుంటే పక్కనొచ్చి కూర్చున్నాడు. మనసాగక పాలలో నానేసిన రొట్టె ముక్క ఒకటి పెట్టాను. తోకూపుతూ తిన్నాడు. తెల్లారేసరికి లేడు. నా చేత్తో నేనే చంపుకున్నానమ్మా."

నేను అక్క వైపు చూశాను. చెప్పవే, ఇప్పుడు చెప్పు, అనుకున్నాను.

"పోనీలెండి" అంది అక్క. "మీరు కావాలని చేశారా?"

ఆయన కళ్ళు తుడుచుకుని, ఈవిడదెంత పెద్ద మనసో అన్నట్టు చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

లోపలికి రాగానే అడిగేశాను. "చెయ్యని తప్పుకు ఆయన్ని క్షమించడానికి నువ్వెవతివే?"

"నోర్ముయ్యి, కుట్లు తెగుతాయి" అని అక్క మిషను ముందు కూర్చుంది. గజం పొడవునా కుట్టాక గానీ సూదిలో దారం లేదని చూసుకోలేదు. ఆ రోజంతా అక్క తేలు కుట్టిన దొంగలా ఇల్లంతా తిరుగుతూనే ఉంది. పెద్దాయన గిన్నె కడిగి, తుడిచి, మళ్ళీ కడిగింది.

మర్నాడు పొద్దున కండక్టర్ తన దగ్గరున్న అక్కింటి తాళంచెవి ఇవ్వడానికి వచ్చాడు. లోపలికి వచ్చే మొహం లేక, దాన్ని గేటు గడియకు తగిలించి వెనక్కి తిరిగాడు. ఆయన్ని చూసి కత్తెర "రైట్ రైట్" అంది. అక్క చెప్పులైనా లేకుండా పరుగెత్తింది. నేను కిటికీ పట్టుకుని నిలబడ్డాను.

"రొట్టె వల్ల పోలేదండీ" అంది అక్క. "పోతాడని నాకు ముందే తెలుసు. డాక్టరు చెప్పాడు. మీకు చెప్తే ఉండరని దాచాను. పోయేది చూడలేక మీ నెత్తిన పెట్టి వెళ్ళిపోయాను. నిన్న కూడా నోరు విప్పలేదు."

ఆయన గట్టిగా నాలుగు తిట్టాలని కోరుకున్నాను. నా సొంత లెక్క కూడా అందులోనే తీరేది. కానీ ఆయన గేటు చువ్వ పట్టుకున్నాడు.

"అయితే నా వల్ల కాదన్నమాట" అని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. అంతలోనే మొహం మళ్ళీ వాడిపోయింది. "ముందే ఒక్క మాట చెప్పుంటే బాగుండేదమ్మా."

"తిట్టండి. పడతాను."

"తిట్టడానికి కాదమ్మా. ఇంకో ముక్క అడిగాడు. నా మోకాలి మీద కాలేసి మరీ అడిగాడు. మీరు వద్దన్నారు కదా అని పెట్టలేదు."