అటక మీద దాచిన బూటు

మా ఇంట్లో అటక మీద, పాత గోనెసంచుల వెనక, ఒక చిన్న ప్లాస్టిక్ బూటు ఉంది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. పన్నెండేళ్లుగా దాన్ని మోస్తున్నాను. ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. మా ఆయనకు చెబితే ఇల్లు నిలవదు. మా అమ్మాయికి చెప్పే ధైర్యం లేదు. దేవుడికి చెబుదామా అంటే ఆయనకు ముందే తెలుసు, తెలిసీ ఊరుకున్నాడు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

మాది సత్తెనపల్లి దగ్గర ఒక పల్లె. పొలం కౌలుకు తీసుకుని మిరప, పత్తి వేస్తాం. మాకు ఒక్కతే కూతురు. పుట్టగానే ఏడవలేదు. తర్వాత ఫిట్స్ వచ్చాయి. ఎడమ కాలు, ఎడమ చెయ్యి బిగుసుకుని ఉండేవి. మూడేళ్లు నిండాక గానీ నడక రాలేదు. వచ్చాక కూడా ఎడమ మడమ నేలకు ఆనేది కాదు, మునివేళ్ల మీద నడిచేది. గుంటూరులో ఒక ఫిజియోథెరపీ మేడం చూసి ఆ బూటు చేయించి ఇచ్చింది. పాదం కింది నుంచి పిక్క దాకా వచ్చే ప్లాస్టిక్ అచ్చు అది. పగలంతా తొడగాలి. సాయంత్రం కాలు ఒళ్లో పెట్టుకుని పాదాన్ని మెల్లగా పైకి వంచాలి. తర్వాత గీత మీద నడిపించాలి. పెరిగే పిల్ల కాబట్టి ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దని, ఆపితే పిక్క కండ కుంచించుకుపోతుందని మేడం నాకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ తల ఊపాను. తెలియక చేశానని అనుకుంటారేమోనని ఇది ముందే చెబుతున్నాను.

గీత కోసం మేం వెతుక్కోలేదు. కళ్లంలో మిరపకాయలు ఆరబోయడానికి నీలం పట్టా పరుస్తాం. దాని అంచు బారుగా ఉంటుంది. ఒక పక్క ఎర్రటి కాయలు, ఒక పక్క మట్టి, మధ్యలో ఆ అంచు మీద మా పిల్ల. కాయల మీద కాలు వేస్తే గింజ రాలుతుందని వాళ్ల నాన్న బెదిరించేవాడు. అందుకని నాలుక కొరుక్కుంటూ, చేతులు చాపి, ఒక్కో అడుగూ లెక్కగా వేసేది. ఆ చివరి దాకా వెళ్లి వెనక్కి తిరిగి నన్ను చూసేది. నేను చప్పట్లు కొట్టాలి. కొట్టకపోతే మళ్లీ మొదటి నుంచీ నడిచేది. అంత పంతం దానికి. ఏడాదిన్నర తిరిగేసరికి మడమ దిగింది. ఆ రోజు నేనూ మా ఆయనా కళ్లంలోనే కూర్చుని ఏడ్చాం.

అదే ఏడు మిరపకు బొబ్బర తెగులు వచ్చింది. ఆకు ముడుచుకుపోయింది, కాయ లేదు. కౌలు మాత్రం కట్టాలి కదా. అప్పుడే ఎవరో అన్నారు, పిల్లకు సర్టిఫికెట్ తెచ్చుకుంటే వికలాంగుల పింఛను వస్తుందని. న్యాయంగా రావాల్సిందే అనుకున్నాను. ఇప్పటికీ అంతే అనుకుంటున్నాను. అడగడం తప్పు కాదు. మీసేవలో స్లాటు తీసుకుని పట్నంలో ఆసుపత్రికి పోయాం. పిల్లకు ఆరేళ్లు. డాక్టరు మంచివాడు. కిటికీ దాకా నడిచి రమ్మన్నాడు.

మా పిల్ల ఎట్లా నడిచిందో చెప్పనా? నేలమీద బండల మధ్య గీత చూసుకుంది. చేతులు చాపింది. మడమ ఆనించి, ఆనించి, కిటికీ దాకా వెళ్లి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. చప్పట్లు కొడతానని చూసింది. డాక్టరు శభాష్ అన్నాడు. వైకల్యం నలభై శాతం ఉంటేనే పింఛను. మాకు నలభై రాలేదు.

చక్కగా నడిచినందుకు బిడ్డ మీద కోపం తెచ్చుకున్న తల్లిని ఎప్పుడైనా చూశారా? నేనే. ఇంటికొచ్చేదాకా బస్సులో దానితో మాట్లాడలేదు. అది నా చీర కొంగు పట్టుకుని, తను ఏం తప్పు చేసిందో తెలియక, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.

బూటు తీసేయమని నాకు ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రి వరండాలో ఎవరో నేర్పారని రాస్తే మీకు నా మీద కాస్త జాలి కలిగేది. నేర్పలేదు. బస్సు దిగి ఇంటికి నడుస్తూ నేనే అనుకున్నాను. మళ్లీ దరఖాస్తు చేసుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది, ఈ లోపల బూటు తొడగకపోతే ఏమవుతుంది? అంతే. అంత చిన్నగా వచ్చింది ఆ ఆలోచన.

బూటు చిన్నదైపోయిందని, నాన్న కొత్తది తెస్తాడని పిల్లకు చెప్పాను. నిజంగానే కాస్త బిగుతైంది. అబద్ధం పక్కన పిసరంత నిజం దొరికేసరికి నాకెంత ధైర్యం వచ్చిందో! మా ఆయన అడిగితే, కాలికి కొన్నాళ్లు విశ్రాంతి ఇమ్మన్నారని చెప్పాను. ఆసుపత్రి సంగతులన్నీ నేనే చూసుకునేదాన్ని కాబట్టి నమ్మాడు. సాయంత్రం అయ్యేసరికి అది అలవాటుగా వచ్చి చాప మీద కూర్చుని కాలు చాపేది. ఇవాళ ఒంట్లో బాగోలేదమ్మా అనేదాన్ని. మర్నాడు ఇంకో సాకు. వారం రోజులు కాలు చాపింది. తర్వాత చాపడం మానేసింది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఏదని అడిగితే ఆ వారమే చెబుతాను. ఏ రోజునైనా ఆ కాలు ఒళ్లోకి తీసుకుని ఉండొచ్చు. ఏడు సాయంత్రాలు. ఒక్కటైనా ఎందుకు తీసుకోలేదు?

నాలుగు నెలలకు మళ్లీ స్లాటు దొరికింది. ఈసారి లైను పొడుగ్గా ఉంది. మా వంతు వచ్చేముందు పిల్ల నా మెడ పట్టుకుని కిందికి వంచి చెవిలో అడిగింది.

"అమ్మా, ఇయ్యాళ బాగా నడవాలా, బాగోకుండా నడవాలా?"

ఆరేళ్లు దాటి కొన్ని నెలలు దానికి. ఆ రోజు బస్సులో నేను మూతి ముడుచుకోవడం దానికి అంతా చెప్పేసిందన్నమాట.

"నీకెట్టా వస్తే అట్టా నడువు," అన్నాను.

"బాగా నడిస్తే కోప్పడవుగా?"

"కోప్పడనులే. పద."

ఎంత తెలివిగా మాట్లాడానో చూడండి. కుంటమని చెప్పలేదు. నటించమని చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు కాబట్టి చెప్పలేదు.

కోప్పడనన్నాను కాబట్టి అది బాగా నడవాలనే చూసింది. గీత వెతుక్కుంది. చేతులు చాపింది. మడమ దిగలేదు. కాలు ఎత్తి మళ్లీ వేసింది. దిగలేదు. అరిగిన చెప్పును చూసినట్టు తన పాదం వంక చూసుకుంది. కిటికీ దాకా మునివేళ్ల మీదే పోయి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపులో నా మీద అనుమానం ఏమీ లేదు. తనకే రాలేదనుకుంది. "రావట్లేదమ్మా" అంది, డాక్టరు ముందే.

సర్టిఫికెట్ వచ్చింది. నలభై దాటింది. పింఛను మంజూరైంది. సంతోషం వేసింది, మీ దగ్గర దాచను. ఎదురింటి వాళ్లు నా పట్టుదలను మెచ్చుకున్నారు. తిరిగి తిరిగి సాధించావన్నారు. నవ్వాను కూడా.

ఆ తర్వాతైనా మొదలుపెట్టలేదా అంటారేమో. పెట్టాను. వంచితే నొప్పని ఏడ్చింది. మునుపు ఏడ్చేది కాదు. ఏడుస్తోందని ఒకరోజు ఆపాను, పనులని ఒకరోజు ఆపాను. సర్టిఫికెట్ మీద ఐదేళ్లకు మళ్లీ పరీక్ష అని రాసి ఉంది. ఆ మాట నా బుర్రలో ఎక్కడో కూర్చుంది. కాలు బాగైతే పింఛను పోతుంది కదా అని ఎప్పుడైనా అనుకున్నానా? పైకి అనుకోలేదు. లోపల అనుకోలేదని ఒట్టేసి చెప్పలేను. కొత్త బూటు మాత్రం చేయించలేదు. పిల్లకు తొడగమని ఇచ్చిన బూటును గోనెసంచుల వెనకకు తోసింది నా చెయ్యే.

సర్కారును మోసం చేశానన్న దిగులు నాకు పెద్దగా లేదు. ఆ డబ్బుతోనే దాని పుస్తకాలు, బస్సు పాసు నడిచాయి. నేను మోసం చేసింది పట్టా అంచు మీద నడిచిన పిల్లను. మిరప కోతలప్పుడు నా వేళ్ల చర్మం లేచిపోతుంది, పింఛను మెషీను ముద్ర తీసుకోదు. పిల్ల తరఫున వేలు పెట్టేది నేనే. ఒకటికి రెండుసార్లు తిరస్కరిస్తే, ఈ మెషీనుకు నా సంగతి తెలిసిపోయిందేమోననిపించేది. మూడోసారి తీసుకునేది. బతికిపోయాననుకునేదాన్ని.

ఇప్పుడు దానికి పందొమ్మిదేళ్లు. డిగ్రీ చదువుతోంది. మునివేళ్ల మీద నడిచీ నడిచీ మోకాలు, నడుం పట్టేస్తున్నాయి. పోయిన నెల గుంటూరులో ఎముకల డాక్టరుకు చూపించాం. ఆపరేషన్ చేయాలన్నాడు, చేసినా పూర్తిగా రాకపోవచ్చన్నాడు. కాలు అటూ ఇటూ తిప్పి చూసి, చిన్నప్పుడు వ్యాయామం మధ్యలో మానేశారా అని నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అది అందుకుంది.

"లేదు సార్. మా అమ్మ ఒక్కరోజు కూడా మానలేదు. కళ్లంలో పట్టా అంచు మీద రోజూ నడిపించేది. చప్పట్లు కొట్టేది."

ఎంత గర్వంగా చెప్పిందో. దానికి ఆ చప్పట్లే గుర్తున్నాయి. ఏడు సాయంత్రాలు చాపిన కాలు గుర్తులేదు. డాక్టరు నా వంక చూశాడు. నేను సంచీలో మందుల చీటీ వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

ఆపరేషన్‌కు ఇంకా తేదీ ఇవ్వలేదు. ఈలోగా చెప్పాలా? చెబితే దానికి కాలు రాదు, ఉన్న అమ్మ కూడా పోతుంది. చెప్పకపోతే ఆ చప్పట్లు తలుచుకుంటూనే బల్ల ఎక్కుతుంది. ఏది మంచో నాకు తేలలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు.

డాక్టరు అడిగిన దానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తాను.

మానేశాం సార్. నేనే మాన్పించాను.

రాశాను. పన్నెండేళ్లలో ఈ మాట నా నోటి నుంచి గానీ చేతి నుంచి గానీ రావడం ఇదే మొదలు. గుండె మీద నుంచి ఏదో కాస్త పక్కకు జరిగినట్టుంది. మా అమ్మాయి పక్క గదిలో చదువుకుంటోంది. మంచినీళ్ల కోసం లేచినట్టుంది, ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మునివేళ్ల మీద. ఇటే వస్తోంది. కాగితం మడిచేస్తున్నాను.