పడవకు ఒకవైపే రాసిన మాట

జువ్వలదిన్నెలో పడవ మీద రాత రాయాలంటే బడేసాహెబే రాయాలి. ముప్పై ఏళ్లుగా దేవుడి పేర్లు, పెళ్లాం పేర్లు, పౌరుషం మాటలు, ఎవరేది అడిగితే అది రాశాడు. తనకంటూ ఒక మాట మాత్రం ఎన్నడూ ఎంచుకోలేదు. తీరిక ఎక్కడిది పాపం, కబుర్లకే పొద్దు చాలేది కాదు.

ఆయన చిన్ననాటి స్నేహితుడు మాల్యాద్రి. యాభై ఏళ్లు వచ్చేదాకా పరాయి పడవల్లో వలలు లాగి, చివరికి సొంత పడవ కొన్నాడు. మబ్బు కనిపిస్తే ఇల్లు కదలని మనిషి.

"సాయిబూ, ఇకనైనా ధైర్యంగా బతకాలనుండాది. అట్టాగని సామ్రాజ్యాన్ని ఏడిపించకూడదు. రెండిటికీ సరిపోయే మాట జెప్పు" అని అడిగాడు. సామ్రాజ్యం అతని భార్య.

బడేసాహెబు రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని తేల్చాడు: 'తెగించు. తిరిగి రా.' మాల్యాద్రి మురిసిపోయాడు.

పడవ ఇసుకలో ఎడమవైపుకు ఒరిగి ఉంది. కుడివైపున ఎర్రరంగుతో 'తెగించు' అని రాశాడు. పడవను తిప్పాక రెండోవైపు 'తిరిగి రా' రాయాలి. మర్నాడు పొద్దున గాలి మారింది. కొందరు బయలుదేరారు గానీ మాల్యాద్రి వెనకాడాడు.

"గాలి బాగలేదు సాయిబూ. రెండో మాట గూడా రాసినాక పోతాలే."

"తెగించు అని రాయించుకోని ఒడ్డున గూర్చుంటావా? నవ్వుతార్రా. పో, వచ్చినాక రాస్తాలే."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. మాల్యాద్రి కూడా నవ్వేసి పడవ నెట్టుకుంటూ వెళ్లాడు. మధ్యాహ్నానికి తక్కిన పడవలు తిరిగొచ్చాయి. మాల్యాద్రి రాలేదు. మనిషీ దొరకలేదు, పడవా దొరకలేదు.

ఆ పొద్దు నవ్వినవాళ్లెవరూ బడేసాహెబు ఎగదోసిన సంగతి సామ్రాజ్యం చెవిన వేయలేదు. ఆమె మాత్రం వారానికోసారి బడేసాహెబు ఇంటికొచ్చి, మొగుడి చిన్నప్పటి ముచ్చట్లు చెప్పించుకుని, కాస్త నవ్వి, కాస్త ఏడ్చి వెళ్లేది. ఆమె నవ్వినప్పుడల్లా ఆయనకు ప్రాణం పోయినంత పనయ్యేది. కుంచె పట్టడం మానేశాడు. ఏడాది తిరిగేసరికి తనకూ ఒక మాట ఎంచుకున్నాడు: 'దాచకు.'

"చెప్పబాకండి" అని భార్య సుల్తాన్‌బీ బతిమాలింది. "చెప్తే మీ బరువు దిగుద్ది. ఆమె సంగతేంది?"

ఆయన వినలేదు. బతుకులో మొదటిసారి తెగించాడు.

సామ్రాజ్యం వాకిట్లో ఉప్పుచేపలు తిరగేస్తోంది. ఆయన నిలబడే అంతా చెప్పేశాడు. ఆమె చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

"ఇన్నాళ్లూ సముద్రాన్ని తిట్టుకోని బతికినాను. ఆయన్ని తలుచుకోని మాట్లాడుకునేదానికి నువ్వొకడివి ఉండావనుకున్నా. ఆ ఒక్కడ్ని గూడా నాకు లేకుండా జేసినావే అన్నా."