నా పటంలో సముద్రం పాలైన పేట

ఈ ప్రయాణం సరదాకి చేసింది కాదు. సముద్రం ఫొటోల కోసం వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. సర్వే లెక్కలు తీసుకుని కోడ్‌తో రంగుల పటాలు గీసివ్వడం నా పని. అనకాపల్లిలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. ఈ వేసవి మొదట్లో ఒక కార్యాలయం వాళ్లు తాగునీటి పటం అడిగారు. ఏ ఊళ్లో నీళ్ల కోసం ఎంతసేపు నడుస్తున్నారో రంగుల్లో చూపించాలి. లేత పసుపంటే ఇబ్బంది లేనట్టు, ముదురు ఎరుపంటే ట్యాంకరు పంపాల్సినట్టు. సాయంత్రానికల్లా కావాలన్నారు, నేను మధ్యాహ్నానికే ఇచ్చేశాను. నిండా ముప్పై లైన్ల కోడ్ లేదు. "భలే స్పీడమ్మా మీది" అన్నారు. సిగ్గులేకుండా పొంగిపోయాను.

మూడు వారాల తర్వాత, నా నంబరు కార్యాలయంలో తీసుకుని నూకరత్నం ఫోన్ చేసింది. అచ్యుతాపురం దాటాక తీరాన ఉన్న ఒక మత్స్యకార పేటలో చేపలమ్ముకునే మనిషి ఆవిడ. సర్వేకి ఆ పేట ఇళ్లన్నీ తిరిగింది ఆవిడే. ప్రతి గడప ముందూ నిలబడి, ఆ ఇల్లెక్కడుందో గుర్తయ్యేలా ఫోన్‌లో పాయింటు నొక్కి, నీళ్లకి ఎన్ని నిమిషాల నడకో రాసింది.

"మేడమ్, మా పేటకి నీళ్ల బండి ఆపేసేరండి. అడిగితే మేప్‌లో మా ఊరు పసుపు రంగంట. ఇల్లిల్లూ తిరిగి పాయింటు కొట్టేను కదండి, అయ్యన్నీ ఏటైపోయేయి?"

చూసి చెప్తానని పెట్టేశాను. ఫైలు తెరిస్తే పది నిమిషాల్లో తప్పు దొరికింది. పటం తొందరగా రావాలని సరిహద్దు గీతల్లో వంపులు తగ్గించాను. ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చేసేదే. దాంతో తీరం గీత సాపైపోయి, ఒడ్డునున్న పేట మొత్తం గీతకి అవతల, నీళ్లలో పడింది. నీళ్లలో పడ్డ పాయింట్లు తప్పుడువి అనుకుని తీసేయమని కోడ్‌లో రాసింది కూడా నేనే. ఇక పేట కలిసున్న ఆ ఊరి సగటుకి మిగిలినవి తీరానికి దూరంగా, కుళాయిలున్న ఇళ్లే, అందుకే ఊరు ఊరంతా లేత పసుపు. ఒక్క ఎర్రర్ రాలేదు. తీసుకున్న ఇళ్లెన్నో, మిగిలిన ఇళ్లెన్నో ఒకసారి సరిచూసుకుని ఉంటే అప్పుడే తెలిసేది. ఫోన్‌లో చెప్పేసి ఊరుకోవడానికి మనసొప్పలేదు. వెళ్లి చెప్పాలి, ఆ బండి మళ్లీ వచ్చేలా చూడాలి.

ఉదయం ఏడింటికి అనకాపల్లి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో అచ్యుతాపురం బస్సెక్కాను. ఆడవాళ్లకి ఆధార్ చూపిస్తే టికెట్టు ఉచితం, గంటలో దిగిపోవచ్చు. జంక్షన్లో ఆ వేళప్పుడు కంపెనీ బస్సుల మధ్య నుంచి రోడ్డు దాటడమే పెద్ద పని. బండి దగ్గర ఇడ్లీ తిని, నలభై రూపాయలకి షేర్ ఆటో పట్టుకున్నాను. అక్కడి నుంచి అరగంట.

"ఆ పేటలో ఏటి పనండీ మీకు?" అన్నాడు డ్రైవరు.

"నీళ్ల సంగతి చూడ్డానికి."

"ఏటి సూత్తారండి, బండే మానేత్తే! ఎవడో ఏసీ గదిలో కూకుని మేప్ గీసేడంట. ఆడి నెత్తిన ఓ రోజు బిందె ఎట్టాలండి, అప్పుడు తెలుత్తాది."

మా గదిలో ఏసీ లేదని చెప్పాలనిపించింది. నా తరఫున చెప్పుకోడానికి ఉన్నది అదొక్కటే.

తొమ్మిదింటికి పేటలో దిగాను. నూకరత్నం గుమ్మంలోనే ఎదురొచ్చి, "ఎండన పడొచ్చేరు, ముందు మంచినీళ్లు తాగండి" అని గ్లాసు చేతిలో పెట్టింది. గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగాను. అది సగం తాగి, మిగిలినవి అలవాటుగా వాకిట్లో విదిలించాను. పక్కింటి ముసలావిడ ఆ తడిసిన ఇసుక వైపే చూస్తూ ఉండిపోయింది. ఎందుకో నాకు తట్టలేదు.

ఫోన్ తీసి నా పటం చూపించాను. ఆ గీత ప్రకారం నూకరత్నం వంటగది సముద్రంలో ఉంది.

"సముద్రం అదిగో, ఇంకా అక్కడుందండి," అందావిడ. "మాకు తెల్దేటి సముద్రం ఎక్కడుందో? నన్నొక్క మాట అడిగితే సెప్పేదాన్ని కదా."

"అక్కా, ఆ పటం గీసింది నేనే."

"తెలుసండి. అందుకే కదా మీకు ఫోన్ సేసేను."

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ ఖాళీ బిందె అందుకుని, "రండి, సూద్దురుగాని" అంది. ఊరి లోపలి బోరు దాకా ఆవిడతోనూ మరో నలుగురు ఆడవాళ్లతోనూ నడిచాను. వెళ్లడానికి ఇరవై అయిదు నిమిషాలు, సర్వేలో ఆవిడ రాసిన లెక్క సరిగ్గా సరిపోయింది. వరసలో గంట నిలబడ్డాం. నిండు బిందెలతో తిరిగి రావడానికి నలభై నిమిషాలు, మధ్యలో మూడుసార్లు దించి ఆగారు. తిరుగు నడక గురించి సర్వేలో ఎవరూ అడగలేదు. నేను విదిలించిన అర గ్లాసు ఎక్కడి నుంచి వచ్చిందో దారిలోనే అర్థమైంది. తల కొట్టేసినట్టయింది.

నూకరత్నం ఇంటికి తిరిగొచ్చాక, బయల్దేరే ముందే సరిచేసి ఉంచిన పటం ఫోన్‌లో తెరిచాను. పేట ముదురు ఎరుపు. వెంటనే కార్యాలయానికి పంపి, ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

"అయ్యో, ఈ వేసవి జాబితా ఖరారైపోయిందమ్మా," అన్నాడు అక్కడి అధికారి. "బండ్లన్నీ వేరే ఊళ్లకి వేసేశాం. వచ్చే విడత జూలైలో, అప్పుడు చూద్దాం. అన్నట్టు ఆ రంగులు మాత్రం చాలా బాగున్నాయి, అలాగే ఉంచండి."

నూకరత్నం బిందె మీద గుడ్డ కప్పుతూ అంతా వింది. "అంటే వానలు పడ్డాక వత్తాదన్నమాట బండి," అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు. మూడింటి ఆటోకి ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చి, ఇంటికెళ్లాక వండుకోమని ఎండు చేపల పొట్లం చేతిలో పెట్టింది. వద్దనలేకపోయాను, తీసుకోవడానికీ చెయ్యి రాలేదు.

అయిదున్నరకి ఇంట్లో ఉన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది నేను, కడుక్కోడానికి నీళ్లు లేనిది వాళ్లకి. మధ్యాహ్నానికే పటం ఇచ్చేశానని ఆ రోజు గర్వపడ్డాను కదా, సాయంత్రం దాకా టైముంది నాకు. ఆ మిగిలిన నాలుగు గంటల్లో ఏం చేశానో ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావడం లేదు. బహుశా పడుకుని ఉంటాను. కార్యాలయానికి వారంలో నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఇంకా చేస్తాను. నా మీద నాకు అసహ్యం మాత్రం తగ్గడం లేదు.

అటు వెళ్లాలనుకునేవాళ్లకి ఒకే మాట. అచ్యుతాపురం జంక్షన్లో రెండు పెద్ద బాటిళ్లు నీళ్లు కొనుక్కుని మరీ ఆటో ఎక్కండి. పేటలో మాత్రం దాహమని అడక్కండి. అడిగితే ఇచ్చేస్తారు.